ఆరో బుట్ట మీద ఎర్రగుడ్డ

మా బావమరిది మైలవరం అవతల తనకున్న మామిడితోటలో డిస్క్ గోల్ఫ్ అనే ఆట పెట్టాడు. మొదటి ఆటకి మమ్మల్ని రమ్మన్నాడు. ముందురోజు నా భార్య పక్కింటావిడతో, "రేపు మావారిని డిస్కు కోసం మా తమ్ముడి తోటకి తీసుకెళ్తున్నానండీ" అంది. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని, "అయ్యో, అన్నయ్యగారికి నడుం ఎప్పుడు పట్టేసిందండీ? తోటలో నాటువైద్యం చేస్తారా?" అని అడిగి, సాయంత్రానికి నొప్పి నూనె సీసా ఒకటి తెచ్చిచ్చింది. విజయవాడలో డిస్కు అంటే నడుంలో జారేదే తప్ప చేత్తో విసిరేది కాదు.

నా నడుం బ్రహ్మాండంగా ఉంది. పాడయింది కళ్ళు. ఆ సంగతి అప్పటికి నాకూ, గుంటూరులో ఒక డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

నేను గూడ్సు రైళ్ళు నడిపే డ్రైవర్ని. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు. పేరు మారితే ఇంజను కిటికీలోంచి కొట్టే ఎండేమీ మారదు కాబట్టి నేను డ్రైవరనే అంటాను. అప్పటికి ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఆ ఎండాకాలంలో నా కుడికంటి మధ్యలో, అద్దం మీద ఎవరో బొటనవేలు నొక్కినట్టు, ఒక మసక మొదలైంది. ఎంత తుడుచుకున్నా పోలేదు. నెల తిరిగేసరికి ఎడమకంటికీ వచ్చింది. దగ్గరివి మొహం కాస్త పక్కకి తిప్పి చూస్తే తెలిసేవి. దూరంగా ఉన్న చిన్నవి మాత్రం ఆ మసకలో పడి మాయమయ్యేవి. చర్చిలో పాటల నంబర్లు రాసే బోర్డు కనపడటం మానేసింది. పాటలన్నీ కంఠతా వచ్చు కాబట్టి పక్కవాడు మొదటి మాట ఎత్తుకోగానే నేనూ అందుకునేవాణ్ణి. ఆ రోజుల్లో మా సంఘంలో నాకంటే గట్టిగా పాడినవాడు లేడు.

తెలిసినవాళ్ళెవరూ తగలకూడదని గుంటూరు వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరు కుర్రవాడే, నెమ్మదస్తుడు. "షుగరు కంటి వెనక పొరకి చేరిందండీ. కంట్లో సూదులు వెయ్యాలి. వేసినా పోయిన చూపంతా తిరిగొస్తుందని చెప్పలేను" అన్నాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంటూ, "ఏం చేస్తుంటారండీ?" అన్నాడు.

"బియ్యం వ్యాపారమండీ" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు.

"అయితే పర్లేదు. బండి మాత్రం నడపకండి" అన్నాడు. ఆయన అన్నది మోటారుసైకిలు గురించి. మర్నాడు పొద్దున నేను ఒక బొగ్గు బండి నడిపాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. డ్యూటీకి వచ్చే డ్రైవర్లు సంతకం పెట్టే గదిని మేం లాబీ అంటాం. అక్కడ ఒక కుర్చీలో, మెడికల్ పరీక్షలో కళ్ళు ఫెయిలై ఇంజను దిగిపోయిన పెద్దమనిషి ఒకాయన కూర్చుంటాడు. మా సంతకాలు తీసుకుంటాడు, ఫోన్లు ఎత్తుతాడు. ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్ బళ్ళు నడిపిన మనిషి. కళ్ళ ముందు ఎప్పుడూ చీకటేనని ఆయనకి "టన్నెలు" అని పేరు పెట్టింది నేనే. ఆయన వినేలాగే పిలిచి నవ్వుకునేవాళ్ళం. నా కళ్ళు మసకబారిన దగ్గర్నించి ఆ కుర్చీ వైపు చూడకుండా సంతకం పెట్టి బయటపడేవాణ్ణి. అందులో కూర్చోవడం కంటే చావడం నయమనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, మాటవరసకి కాదు.

నా మెడికల్ పరీక్షకి ఇంకా ఐదు వారాలుంది. నా భార్యకి కళ్ళజోడు చేయించే వంకతో షాపుకి వెళ్ళి, గోడ మీది అక్షరాల చార్టు దగ్గరగా నిలబడి, పైనుంచి కిందికి మొత్తం బట్టీ పట్టాను. స్నానం చేస్తూ అప్పజెప్పుకునేవాణ్ణి. పరీక్షలో వేరే చార్టు పెడతారేమో అన్న ఆలోచన రాకుండా ఉండటానికి ఇంకా గట్టిగా అప్పజెప్పుకునేవాణ్ణి.

ఇక బండి ఎలా నడిపానంటారా? ఇంజనులో ఇద్దరుంటాం. దూరంగా సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు చెయ్యి చాపి, దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు తన కళ్ళతో చూసుకుని, తనూ చెయ్యి చాపి, అదే మాట తిరిగి చెప్పాలి. ఒకరు పొరబడితే రెండోవాళ్ళు పట్టుకోవాలని ఆ పద్ధతి. ఆరు వారాలుగా నేను తిరిగి చెబుతున్నాను కానీ చూడటం లేదు. అసిస్టెంటు "డబుల్ ఎల్లో" అంటే "డబుల్ ఎల్లో" అనేవాణ్ణి. నాకు ఆ రంగు తెలిసేసరికి సిగ్నల్ నెత్తి మీదికి వచ్చేసేది.

నా అసిస్టెంటు ఒక అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుంటాయి. కృష్ణ సముద్రంలో కలిసే వైపు, చేపల వేట మీద బతికే కుటుంబం నుంచి వచ్చింది. నీళ్ళ మీద ఒక పడవలోంచి ఇంకో పడవకి కేకేసే గొంతు. ఇంజను మోతలో కూడా ఆమె మాట ఖణేలుమని వినపడేది. ఆ గొంతే లేకపోతే నేను ఆరు రోజులు కూడా దాచగలిగేవాణ్ణి కాదు. నా భార్యకి ఆ అమ్మాయంటే ప్రాణం. ఇద్దరికీ ఒకేరోజు రెస్టు వచ్చిందని తోటకి ఆమెనీ రమ్మంది.

బస్టాండులో అలవాటుగా ఆ అమ్మాయిని అడిగాను. "మైలవరం బస్సు ఏదమ్మా?"

"బోర్డు మీ ముందే ఉంది కదా సార్" అంది. అని నా మొహంలోకి చూసింది. నేను జేబులో చిల్లర వెతుక్కున్నాను.

తోటలో కాయ కోత అయిపోయింది. కింది కొమ్మలు కొట్టేసి, కలుపు తీసి, చెట్ల వరసల మధ్య దారులు చేశాడు బావమరిది. బెంగుళూరులో ఎవరిదో ఎస్టేటులో ఈ ఆట చూసి వచ్చిన దగ్గర్నించి మనిషికి ఇదే ధ్యాస. ఇనుప స్తంభం, దాని పైనుంచి వేలాడే గొలుసులు, కింద గుండ్రటి బుట్ట. అలాంటివి తొమ్మిది ఆటోనగర్‌లో చేయించాడు. పళ్ళెం విసిరితే గొలుసులకి తగిలి బుట్టలో పడాలని ఎంతో వివరంగా చెబితే, వెల్డరు చాలాసేపు ఆలోచించి, "కోళ్ళకా సార్?" అన్నాడట. ఒక గుర్తు దగ్గర నిలబడి బుట్ట వైపు డిస్కు విసరాలి. పడిన చోటికి నడిచి వెళ్ళి మళ్ళీ విసరాలి. ఎవరు తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు.

"ఒక్కటి మాత్రం మీకోసమే పెట్టానండీ బావగారూ" అన్నాడు. ముచ్చటగా చేతులు నలుపుకున్నాడు. "ప్రతి బుట్ట మీదా ఒక గుడ్డ కట్టా. పచ్చగుడ్డయితే ఎంత బలంగానైనా కొట్టొచ్చు. పసుపయితే కొంచెం చూసుకోవాలి. ఎర్రగుడ్డ ఉంటే వెనకాల నేలబావో, పక్కోళ్ళ పొలమో ఉన్నట్టు, మెల్లిగా వెయ్యాలి. రైలు సిగ్నళ్ళేనండీ! మా బావగారు డ్రైవరని ఆ మాత్రం గుర్తుండొద్దా?"

నా భార్య మురిసిపోయింది. మొదటి గుర్తు దగ్గర నిలబడి చూస్తే చెట్ల వరస కనపడింది, వరస చివర వెలుతురు కనపడింది. బుట్టా లేదు, గుడ్డా లేదు.

అప్పుడు నా పక్కన ఆ అమ్మాయి చెయ్యి చాపింది. "మొదటి బుట్ట, గ్రీన్!"

బావమరిది ఎగిరి గంతేసినంత పని చేశాడు. నేను చెయ్యి చాపి, "మొదటి బుట్ట, గ్రీన్!" అన్నాను. ఆమె చెయ్యి చూపించిన వైపే విసిరాను. డిస్కు ఎక్కడ పడిందో చప్పుడుని బట్టి పోల్చుకున్నాను. రెండోది దగ్గర్నించి వేశాను. మూడో విసురుకి గొలుసులు గల్లున మోగాయి.

అమ్మాయి మొదటి విసురు మమ్మల్ని చాలాసేపు నవ్వించింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర విసురు వల నేర్చుకుందట. నడుం నుంచి తిరిగి, ఆఖరి క్షణంలో చేతిలోది వదిలింది. డిస్కు ఎక్కడో ఎడమవైపు కొమ్మల్లోకి పోయింది. ఆమె మాత్రం రెండో చేత్తో గాలిలో ఏదో లాగుతూ నిలబడింది. వలకి మణికట్టు దగ్గర తాడుంటుంది. విసిరాక దాన్ని లాక్కోవాలి. లేని తాడుని లాగుతున్నానని తెలిసి ఆమే పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆరు వారాల తర్వాత నవ్వాను.

నాలుగో బుట్ట అయ్యేసరికి నేను బావమరిది కంటే ముందున్నాను. ఆమె చెబుతోంది, నేను తిరిగి చెప్పి విసురుతున్నాను, గొలుసులు మోగుతున్నాయి. ఇలాగే ఐదు వారాలు గడిపేస్తే చాలనిపించింది. సూదులు వేయించుకుంటాను, మసక తగ్గుతుంది, పరీక్ష గట్టెక్కుతాను, ఎవరికీ ఏమీ తెలియదు. ఎర్రమట్టి మీద నడుస్తూ దేవుడికి అప్పటికప్పుడు కృతజ్ఞతలు కూడా చెప్పేశాను. నా సిగ్గులేనితనం అంత దూరం వెళ్ళింది.

ఐదో దగ్గర ఆమె వెంటనే చెప్పలేదు. నేను ఎదురుచూశాను. పక్కకి తిరిగి ఆమె మొహంలోకి చూశాను. అప్పుడు మెల్లిగా "ఎల్లో" అంది. "ఎల్లో" అన్నాను.

ఆరో గుర్తు దగ్గరికి మేమిద్దరమే ముందొచ్చాం. బావమరిది డిస్కు కొమ్మలో ఇరుక్కుంటే, అక్కాతమ్ముళ్ళిద్దరూ వెనక కర్రతో దాన్ని పొడుస్తూ, మీద పడిన ఎర్రచీమల్ని దులుపుకుంటున్నారు. అమ్మాయి చెయ్యి చాపింది.

"ఆరో బుట్ట, గ్రీన్."

"ఆరో బుట్ట, గ్రీన్!" అన్నాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను.

గొలుసుల చప్పుడు రాలేదు. నేల మీద పడిన చప్పుడూ రాలేదు. కాసేపటికి ఎక్కడో లోతుగా, బుడుంగుమని వినపడింది.

"అది ఎర్రగుడ్డ సార్" అంది. "వెనకాల నేలబావి."

నాకు ముందు వచ్చింది కోపం. ఇప్పుడు తలుచుకుంటే చచ్చేంత సిగ్గేస్తుంది. "సిగ్నల్ తప్పు చెబుతావా? బుద్ధుందా నీకు? ఎవరు నేర్పారు నీకీ పని?" అని అరిచాను.

ఆమె మాట వణకలేదు. "నేను తోటలో తప్పు చెప్పా సార్. మీరు ఇంజన్లో చెప్తున్నారు."

నేను బావి వైపు తిరిగాను.

"పది రోజుల్నించి చూస్తున్నానండీ. మీరు సిగ్నల్ వంక చూట్లేదు. నా నోటి వంక చూస్తున్నారు. మొన్న కృష్ణ బ్రిడ్జి ముందు కావాలనే ఒక్క క్షణం ఆగా. మీరూ ఆగారు. అప్పుడే తెలిసిపోయింది. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఇవాళ ఇలా చేసినందుకు మీరు నన్ను కొట్టినా పడతా."

అప్పుడు బతిమాలాను. నా కూతురి వయసు పిల్లకి రెండు చేతులూ జోడించాను. ఐదు వారాలే అన్నాను. సూదులేస్తే తగ్గుతుందట అన్నాను. తగ్గుతుందని డాక్టరు చెప్పలేదు. "నువ్వు చెబుతూ ఉండు చాలమ్మా. నీ గొంతు ఉందిగా. నీ కళ్ళు ఉన్నాయిగా. నాకు ఇది తప్ప ఇంకేం రాదు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టకు" అన్నాను. ఏడుస్తున్నానని నాకు తెలియనేలేదు. మెడ మీద తడి తగిలాక తెలిసింది.

"నాకు తుమ్మొస్తేనో సార్?" అంది.

అంతే అంది. నేను దానికి జవాబు వెతికాను. తుమ్ము ఎంతసేపు, రెప్పపాటు. ఆ రెప్పపాటులో బండి ఎంత దూరం పోతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? లెవెల్ క్రాసింగుల దగ్గర స్కూలు ఆటోలు ఆగి ఉంటాయి. పిల్లలు మాకు చెయ్యి ఊపుతారు. ఆరు వారాలుగా నేను ఎవరికి చెయ్యి ఊపానో నాకే తెలియదు.

"నేను వెళ్ళి మీ మీద చెప్పనండీ. పని నేర్పింది మీరు. చెప్పడానికి నాకు నోరు రాదు" అంది. చున్నీతో ముక్కు తుడుచుకుంది. "కానీ రేపు పొద్దున మనిద్దరికీ బండి ఉంది. మీతో ఎక్కను. ఎందుకెక్కవని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి."

ఈలోగా వెనకవాళ్ళిద్దరూ వచ్చారు. బావమరిది బావిలోకి తొంగి చూసి, "తేలుతోందండోయ్!" అని సంబరపడ్డాడు. చేదతో డిస్కు పైకి తీశాడు. తుడిచి నా చేతికిచ్చాడు.

ఏడో గుర్తు దగ్గర ఆమె చెయ్యి చాపలేదు. బావమరిది ఎదురుచూసి, "ఏమ్మా, సిగ్నలు?" అన్నాడు. "గొంతు పట్టేసిందండీ" అంది. నేను వెలుతురు వైపు విసిరాను. పక్క వరసలోకి పోయింది. ఎనిమిదో దగ్గర డిస్కు ఎదురుగా ఉన్న చెట్టుకే తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. "అదేంటండీ, ఇందాక అంత బాగా వేశారు?" అంది నా భార్య. ఆకలేస్తోందన్నాను. ఇంకా అబద్ధాలే వెతుకుతున్నాను. రేపు పొద్దున జ్వరమని చెప్పొచ్చు. ఎల్లుండి వేరే అసిస్టెంటుని వేయించుకోవచ్చు. కొత్తవాడైతే ఇంత తొందరగా కనిపెట్టలేడు. ఆ ఆలోచన వచ్చాక నన్ను చూసి నాకే భయమేసింది.

తొమ్మిదోది, చివరిది. "ఈసారి మీరే చెప్పాలి బావగారూ, ఆఖరి సిగ్నలు!" అన్నాడు బావమరిది.

ఆ అమ్మాయి ఇంజనెక్కిన మొదటి వారంలో నేను ఒక రూలు నేర్పాను. నేర్పానంటే, తిట్టి నేర్పాను. సిగ్నల్లో లైటు వెలగకపోయినా, అసలు కనపడకపోయినా, ఎర్రలైటు కిందే లెక్క. పచ్చ ఉందేమోలే అని ముందుకెళ్ళే హక్కు డ్రైవరుకి లేదు. బండి ఆపాలి, ఆపి చెప్పాలి. మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను ఆమె చేత.

నేను చెయ్యి చాపాను. చెట్ల వరస ఉంది, చివర వెలుతురు ఉంది, దాని మధ్యలో నా బొటనవేలి ముద్ర ఉంది.

"కనపడటం లేదు" అన్నాను.

పక్కన ఆమె చెయ్యి లేవడం వినపడింది, గాజులు కదిలాయి. "కనపడటం లేదు" అని తిరిగి చెప్పింది. ఈసారి గొంతు నిలబడలేదు.

బావమరిది ఫక్కున నవ్వాడు. "ఎక్కడికి పోద్దండీ, పచ్చగుడ్డ అంత పెద్దది కడితే!" అన్నాడు. నా భార్య నవ్వలేదు. దగ్గరికొచ్చి నా చేతిలోంచి డిస్కు తీసుకుంది. నా మొహం ముందు నిలబడి, కుడికంట్లోకీ ఎడమకంట్లోకీ మార్చి మార్చి చూసింది.

"ఎప్పట్నించండీ?" అంది.

చెప్పాను. గుంటూరు సంగతీ, బియ్యం వ్యాపారం సంగతీ, చార్టు సంగతీ అన్నీ ఆ చెట్టు కిందే చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఫోను తీసి, లాబీ నంబరు తనే నొక్కి, నా చెవికి ఆనించింది.

ఎత్తింది ఆయనే. ఆ కుర్చీలో ఆయనే కదా ఉంటాడు. రేపటి బండికి నన్ను వెయ్యొద్దని చెప్పాను.

"కారణం?" అన్నాడు.

"కళ్ళు" అన్నాను.

ఇరవై ఏళ్ళు ఎక్స్‌ప్రెస్ బళ్ళు నడిపిన మనిషి. అలవాటు ఎక్కడికి పోతుంది?

"కళ్ళు" అని తిరిగి చెప్పి, రాసుకున్నాడు.